టీవీకి పట్టిన మైల

మా వాళ్ళలో ఎవరింట్లో పెళ్ళి జరిగినా, బంతి భోజనాల దగ్గర మా బావగారు ఒక కథ చెప్తారు. బావగారంటే మా ఆయనకు అన్నగారు. "మా మరదలు టీవీలో కనిపించిన రోజు చూడాలండీ! ఊరు ఊరంతా మా వసారాలోనే. చాపలు చాలక గోతాలు పరిచాం. ఎంత బాగా మాట్లాడిందనుకున్నారు!" అంటారు. వినేవాళ్ళు నా వైపు తిరిగి నవ్వుతారు. వడ్డించే ఆయన నన్నేదో వింతగా చూసి విస్తట్లో ఇంకో బూరె పడేస్తాడు.

ఈ కథలో గోతాలు నిజం. మిరపకాయలు నింపడానికి మా వసారాలో ఎప్పుడూ ఒక కట్ట ఉండేది. ఇంకో చిన్న ముక్క కూడా నిజం, దాని సంగతి తర్వాత చెప్తాను. మిగతాదంతా కల్పన. ఆ సాయంత్రం మా వసారాలో పిల్లి కూడా లేదు. మా టీవీ మీద దుప్పటి కప్పి ఉంది. నేను టీవీలో ఎలా కనిపించానో, నా మాటల్లో ఎన్ని ఉంచారో, ఎన్ని తీసేశారో ఇప్పటికీ నాకు తెలియదు. నా గురించి చెప్పే కథలో నాకొక్కదానికే ఏం జరిగిందో తెలియకపోవడం, దానికి నేనే బూరె తినాల్సి రావడం ఎంత వెటకారమో చూడండి.

ఈ కథకు తోకలాగా ఇంకో మాట కూడా తగిలిస్తారు. "ఆ రోజుల్లో మా ఇంట్లో టీవీ పెత్తనం అంతా ఆవిడదే. వారానికి సరిపడా ఏం చూడాలో ఆదివారం పొద్దున్నే తేల్చేసేది." ముందు దీని సంగతి చెప్పాలి.

మా ఊరు చిలకలూరిపేటకు కూతవేటు దూరంలో ఉంటుంది. మొదటి బస్సులో పేపరు వచ్చేది. ఆదివారం పేపరుతో పాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చేవారు. దాని వెనక పేజీల్లో, చీమలు బారులు తీరినట్టున్న అక్షరాల్లో, వారం మొత్తం ఏ రోజు ఏ వేళకు ఏ టీవీలో ఏం వస్తుందో వేసేవారు. మా అత్తగారికి కళ్ళద్దాలున్నాయి గానీ అక్షరాలు రావు. బావగారికి అక్షరాలొచ్చు గానీ ఓపిక లేదు. మా ఆయనకు రెండూ ఉన్నాయి, నోరు లేదు. నేను గుంటూరులో డిగ్రీ చదివాను, అదీ వృక్షశాస్త్రం. ఆ చదువు ఆ ఇంట్లో పనికొచ్చింది ఈ ఒక్క విషయానికే. ఆదివారం టిఫిన్లు అయ్యాక వసారాలో కూర్చుని నేను పైకి చదివేదాన్ని.

"సోమవారం మధ్యాహ్నం సీరియల్..."

"అది ఉంచు" అనేవారు అత్తగారు, ఎవరో తీసుకుపోతున్నట్టు.

"మంగళవారం క్రికెట్టు, పగలూ రాత్రీ."

"అది మార్చడానికి వీల్లేదు" అనేవారు బావగారు.

"మంగళవారం రాత్రి పాత సినిమా కూడా ఉందండీ."

"పాతదేగా. ఎక్కడికి పోతుంది, మళ్ళీ వేస్తాడు."

చదివేది నేను, తేల్చేది వాళ్ళు. మంత్రాలు చదివాడు కదా అని పురోహితుణ్ణే పెళ్ళికొడుకు అంటే ఎలా ఉంటుంది? ఇదీ అంతే. అయినా ఆ మాట పాతికమంది చుట్టాల్లో పాతుకుపోయింది. "మీ ఇంట్లో నీదేనటగా రిమోటు" అని మొన్న మొన్నటిదాకా అడిగినవాళ్ళున్నారు. రిమోటు బావగారి దిండు కింద ఉండేది. ఆయన చిలకలూరిపేటలో తన కొట్టుకు వెళ్ళాక అత్తగారి ఒళ్ళోకి వచ్చేది. నా చేతికి వచ్చేది తుడవడానికే.

నిజం చెప్పాలంటే ఎవరూ కోరుకోని వేళ ఒకటి నాకు దక్కింది. పొద్దుగూకే వేళ ప్రభుత్వ టీవీలో వ్యవసాయ కార్యక్రమం వచ్చేది. కేబుల్ వచ్చాక ఆ కార్యక్రమాన్ని వ్యవసాయదారులే చూడటం మానేశారు. మగాళ్ళు ఆ వేళకు సెంటర్లో ఉంటారు, అత్తగారు దీపం పెట్టే పనిలో ఉంటారు. నేను పొయ్యి దగ్గర. వంటింటి గుమ్మంలోంచి టీవీ సగం కనిపించేది. ఆ సగంలో ఒక అధికారి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నలగని చేలో నిలబడి, "సిఫారసు చేసిన మోతాదులోనే మందు పిచికారీ చెయ్యాలి" అని చెప్పేవాడు. నేను పప్పు ఎనుపుతూ, "సిఫారసు చేసినవాణ్ణి ఒకసారి మా చేలోకి రమ్మనవయ్యా" అనేదాన్ని.

"టీవీతో కూడా పోట్లాటే దీనికి!" అనేవారు అత్తగారు లోపల్నించి.

నాకు అదొక తృప్తి. తిరిగి మాట అనని అధికారి అతనొక్కడే.

ఇక అసలు సంగతి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక ఏడు మా మిరపచేను మమ్మల్ని మోసం చేసింది. చేను అన్నానా? తప్పు. విత్తనం మోసం చేసింది. ఒకటే రకమని కొన్న విత్తనంలోంచి చేలో మూడు రకాల మొక్కలు లేచాయి. ఒకటి మోకాలెత్తు, ఒకటి నడుమెత్తు. ఒకదానికి పూత నిలవదు, ఇంకోదానికి కాయ బుడ్డగా గుండ్రంగా వస్తుంది. కళ్లంలో ఆరబోస్తే ఎర్రకాయల కంటే పాలిపోయిన తాలుకాయలే ఎక్కువ కనిపించాయి. మా ఒక్కరికే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్ళకూ అదే గతి. ఆ విత్తనం అమ్మిన కొట్లలో మా బావగారి కొట్టు కూడా ఒకటి. పేటలో విత్తనాలు, పురుగుమందుల కొట్టు ఆయనది. ఉమ్మడి కాపురం కాబట్టి మా అందరిదీ అని పేరు. తోడికోడలు పిల్లల చదువుకని గుంటూరులో కాపురం పెట్టింది. ఊళ్ళో చేను మా ఆయన చూసుకునేవాడు, పేటలో కొట్టు బావగారు చూసుకునేవారు.

నేను కళ్లంలో కూలివాళ్ళతో కలిసి తాలు ఏరుతున్న రోజున టీవీ వాళ్ళ వ్యాను వచ్చి రోడ్డు మీద ఆగింది. అదే వ్యవసాయ కార్యక్రమం వాళ్ళు. మైకు పట్టుకున్న అమ్మాయి, భుజాన కెమెరా మోస్తున్న ఒకాయన. విత్తనాల సంగతి విని వచ్చారట. కూలివాళ్ళను అడిగితే వాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూపించారు. "ఆయమ్మ చదువుకుంది, ఆయమ్మనడగండి."

అడిగారు. నేను చెప్పాను. ఇన్నేళ్ళుగా పొయ్యి దగ్గర్నించి టీవీకి చెప్పిన సమాధానాలన్నీ నాలిక చివరే ఉన్నాయి మరి. మంట పుట్టకుండా చేతులకు ఆముదం పులుముకుంటూ చెప్పాను. విత్తనం అమ్మినవాడే మందూ అమ్ముతాడు, ఆ మందు పనిచెయ్యలేదంటే ఇంకో మందు ఇస్తాడు, రైతు అడిగేది డాక్టర్ని కాదు కొట్టువాణ్ణి అని చెప్పాను. ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి.

"మీరు ఏ కొట్లో కొన్నారండీ?"

"మా ఇంటి కొట్లోనే" అన్నాను. "మా బావగారిదే. సొంత తమ్ముడి చేనుకే ఆ విత్తనం వచ్చిందంటే, తెలిసి అమ్మారంటారా? మాకంటే ముందు ఆయన్ని ముంచారు కంపెనీ వాళ్ళు. పట్టుకోవాల్సింది పేటలో కొట్లను కాదు, పైన సంచులు కుట్టినవాణ్ణి."

ఈ రెండు ముక్కలూ ఒకే ఊపిరిలో అన్నాను. ఇది గుర్తుపెట్టుకోండి. ముందు సగం మా ఇంటి కొట్టు అన్నది, వెనక సగం ఆయనా మునిగారు అన్నది.

మాట్లాడటం అయిపోయాక కెమెరా ఆయన, "ఒక్కసారి చేతులు దగ్గరగా తీసుకుంటానమ్మా, కాయలు ఏరుతూ ఉండండి" అన్నాడు. చేతులు తీశాడు. ఆముదంతో, కారంతో ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. ఆ తర్వాత మా ఆయన వచ్చాడు. ఎప్పుడు వేస్తారో కబురు చెయ్యడానికి ఫోను నంబరు అడిగితే, ఇంట్లో ఫోను లేదు కాబట్టి కొట్టు నంబరు ఇచ్చాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర జరిగింది జరిగినట్టు నేనే చెప్పాను. దాచడం నాకు చేతకాదు. "మన కొట్టు పేరు చెప్పావా?" అన్నారు బావగారు.

"మనల్నీ ముంచారని కూడా చెప్పాను బావగారూ."

"ఓహో" అన్నారు. అంతే. మజ్జిగ పోసుకుని కలుపుకున్నారు.

అత్తగారే ఊరుకోలేదు. "ఇంటి గుట్టు ఊళ్ళో చెప్తేనే ఊరుకోను, ఇది దేశానికే చెప్పింది."

"గుట్టేముంది అత్తయ్యా, చేలోకెళ్ళి చూస్తే గొర్రెలకు కూడా కనిపిస్తుంది" అన్నాను. మా ఆయన నీళ్ళు తాగే వంకతో లేచిపోయాడు.

తర్వాతి ఆదివారం పుస్తకం రాగానే వ్యవసాయ కార్యక్రమం వరసలు చూశాను. అందులో పేరొక్కటే వేస్తారు, లోపల ఏముంటుందో వెయ్యరు. అంటే వారంలో ఏ రోజైనా కావచ్చు. అయితే ఏం, రోజూ చూస్తే సరిపోతుంది కదా, ఎటూ ఆ వేళ నాదే అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నమే అద్దంకి దగ్గర ఊరి నుంచి కబురొచ్చింది, దాయాదుల్లో ఒక పెద్దాయన పోయాడని.

పోయినాయన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కానీ ఆయన మొహం నేనెప్పుడూ చూడలేదు. అంతకు ముందు ఏడు వాళ్ళమ్మాయి పెళ్ళికి మాకు పిలుపు కూడా రాలేదు. దాయాదుల్లో చావు జరిగితే దగ్గరివాళ్ళకు పెద్దకర్మ దాకా మైల. కొంచెం దూరమైతే మూడోనాటితో సరి. మరీ దూరమైతే తలమీద నీళ్ళు పోసుకుంటే పోతుంది. ఎవరు ఎంత దూరమో తరాలు లెక్కపెట్టి చెప్పాలి. మా మామగారు పోయాక ఆ లెక్క బావగారిది. వసారాలో మడత కుర్చీలో కూర్చుని వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టారు.

"మా ముత్తాతా, వాళ్ళ ముత్తాతా అన్నదమ్ముల పిల్లలు. అంటే మనకు పెద్దకర్మ దాకా ఉంది."

"బావగారూ, దీనికంటే దగ్గరాయన నిరుడు పత్తితీతల్లో పోతే స్నానం చేసి చేలోకి వెళ్ళాం కదా?" అన్నాను.

"అప్పుడు పనుల మీద ఉన్నాం."

"ఇప్పుడు కళ్లంలో కాయలున్నాయిగా."

"కాయలేరుకోవచ్చమ్మా. పనికేం మైల? సరదాలకే మైల. టీవీ పెట్టడం బాగుండదు. రేపు నలుగురూ ఏమంటారు?"

"నలుగురికి మనం మైల పట్టామని తెలుస్తుందా, పట్టలేదని తెలుస్తుందా? పెళ్ళికే పిలవలేదు వాళ్ళు."

"చావుకి పిలుపులుండవే" అని అత్తగారు ముక్కు చీదుకుంటూ లేచి, ఉతికిన దుప్పటి తెచ్చి టీవీ మీద కప్పేశారు. నాలుగు మూలలూ లాగి మరీ సర్దారు, చలికి వణుకుతున్న మనిషికి కప్పినట్టు. ఆ వారం మేమేం చూడాలో పుస్తకం తేల్చలేదు. తరాల లెక్క తేల్చింది.

మైల అందరికీ సమానం కాదన్నది మర్నాడు తెలిసింది. బావగారు రోజూలాగే పేటకు వెళ్ళి కొట్టు తెరిచారు. వ్యాపారానికి మైల ఉండదట. కొట్టుకు ఎదురుగా టీ హోటల్లో టీవీ ఉంది. అక్కడ క్రికెట్టు చూసి వచ్చేవారు. హోటలువాడి టీవీకి మన మైల అంటదట. అత్తగారికి అంటింది, పాపం. సీరియల్ లేక ఆవిడ గిలగిల్లాడిపోయారు. సాయంత్రం కాగానే పెరటిగోడ దగ్గర చేరి పక్కింటావిణ్ణి పిలిచేవారు. పక్కింట్లో పరుపులు కుట్టే సాయిబుగారూ, భార్యా ఉండేవారు. తరాల నుంచీ మా ఊరివాళ్ళే, దూదేకుల వాళ్ళు. వాళ్ళింట్లో చిన్న నలుపు తెలుపు టీవీ, ప్రభుత్వ టీవీ ఒక్కటే వచ్చేది. అత్తగారి సీరియల్ కూడా అందులోదే.

"ఏమ్మా, ఆ పిల్లకి అత్త పాలల్లో మందు కలిపిందా లేదా?"

"కలిపింది పెద్దమ్మా. తాగబోతుంటే టీవీవాడు ఆపేశాడు. రేపు చూడాలి."

"తాగదులే. తాగితే సీరియల్ అయిపోదూ?"

కళ్ళతో చూస్తే మైల, చెవులతో వింటే కాదు. ఈ సూత్రం ఏ శాస్త్రంలో ఉందో మా అత్తగార్ని అడిగాను. "నీతో వాదించలేనే తల్లీ" అన్నారు. ఓడిపోయినప్పుడల్లా ఆవిడ నన్ను తల్లీ అనేవారు.

రెండోనాటి రాత్రి బావగారు చేతులు కడుక్కుంటూ, ఎటో చూస్తూ అన్నారు. "కొట్టుకి ఫోనొచ్చింది. నీ ప్రోగ్రాం శుక్రవారం వేస్తారట."

ఏ చీర కట్టుకోవాలా అని అప్పుడే పెట్టె తీశాను. చిన్నపిల్లలాగా ఏంటిది అనుకున్నాను గానీ ఆగలేదు. ఆ రాత్రే అత్తగారితో బేరం పెట్టుకున్నాను. శుక్రవారం ఒక్క సాయంత్రం పక్కింట్లో చూసొస్తానన్నాను.

"మైలలో పక్కింటి గడప తొక్కుతావా?"

"తొక్కను. గడప బయటే నిలబడతాను."

పెరటిగోడ అవతల్నించి పక్కింటావిడ వింటోంది. "మా ఇంటికి మైలేంటి పెద్దమ్మా? మా దూదికి అంటుద్దా? రమ్మనండి అక్కని, మంచం మీద కూకోబెట్టి మరీ చూపిత్తాను."

అత్తగారు తీర్పు చెప్పారు. "ఒక్కపూటే. గడప దాటకు. వాళ్ళ సామాను ముట్టుకోకు. వచ్చి తలస్నానం చెయ్యి." ఆ వారం మొత్తానికీ నాకు దక్కిన ఎంపిక అదే. ఒక్క సాయంత్రం. అది శుక్రవారానికి ఖర్చుపెట్టాను.

ఈ మధ్యలో బుధవారం వచ్చి వెళ్ళింది. బుధవారం మా ఊరివాళ్ళకు సంత రోజు. పక్కింటివాళ్ళు పరుపులు బండికెత్తుకుని పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవారు. ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. నేను వసారాలో దుప్పటి కప్పుకున్న టీవీ ఎదురుగా కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరాను. ఆ వేళకు పొయ్యి ముట్టించాను. ఏమీ అనిపించలేదు. ఏదో అనిపించింది, గుండె చెప్పింది అని ఇప్పుడు కథలల్లను.

గురువారం బావగారు కొట్టు తెరవలేదు. "ఒంట్లో బాగోలేదు" అని ముసుగుతన్ని పడుకున్నారు. వ్యాపారానికి మైల లేదన్న మనిషి ఆ రోజు షట్టరు దించేశారు. పేట నుంచి ఎవరో ఇద్దరు రైతులు మోటారు సైకిలు మీద వచ్చి ఆయన కోసం అడిగారు. ఇంట్లో లేరని చెప్పమన్నారు. అత్తగారు చెప్పారు. "మైలలో అబద్ధం ఆడొచ్చా అత్తయ్యా?" అన్నాను. ఆ రోజు ఆవిడ నన్ను తల్లీ అనలేదు. దెయ్యాన్ని చూసినట్టు చూశారు.

శుక్రవారం సాయంత్రం తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని పక్కింటి గడప బయట నిలబడ్డాను. సాయిబుగారు మర్యాదకు వీధిలోకి వెళ్ళిపోయారు. ఆవిడ యాంటెన్నా తిప్పి, బొమ్మ నిలబెట్టి, "అక్కా, కనపడతందా?" అంటూ టీవీని గడప వైపు తిప్పింది. కార్యక్రమం మొదలైంది. మొదట్లో ఎద్దులు, ట్రాక్టరు, వరికంకులు. తర్వాత ఒక చెరువు గట్టు. అధికారి రొయ్యల చెరువులో నీళ్ళు ఎప్పుడు మార్చాలో చెప్పడం మొదలుపెట్టాడు. సరే, రొయ్యలయ్యాక మిరప వస్తుందనుకున్నాను. రొయ్యల మేత గురించి చెప్పాడు. రొయ్యల జబ్బుల గురించి చెప్పాడు. రొయ్యలు పట్టిన ఒక రైతు పళ్ళికిలించాడు. మళ్ళీ ఎద్దులు, ట్రాక్టరు, వరికంకులు. అయిపోయింది.

"నువ్వేవక్కా?" అంది పక్కింటావిడ.

 

ఇంటికొచ్చి తలస్నానం చేశాను. రాత్రి బావగార్ని అడిగితే, "వాళ్ళు మార్చుకుని ఉంటారమ్మా. టీవీ వాళ్ళ మాట నమ్ముకుంటే అంతే" అన్నారు. పెద్దకర్మ అయిపోయింది, దుప్పటి తీశారు. అప్పట్నించి నెలకు పైగా ఒక్క సాయంత్రం వదలకుండా చూశాను. నేను రాలేదు. ఆ టీవీ వాళ్ళకు ఉత్తరం రాశాను. జవాబు రాలేదు.

ఆ వేసవిలో ఇల్లు రెండు ముక్కలైంది. ఒక ఉదయం బావగారు పెద్దమనుషుల్ని పిలిపించి వేరుపడదామన్నారు. కారణం చెప్పలేదు. "ఎప్పటికైనా తప్పదు కదా" అన్నారు, అంతే. మా ఆయన వసారా స్తంభానికి ఆనుకుని నిలబడి, పెట్టమన్నచోట వేలిముద్ర పెట్టే మనిషిలాగా తలూపాడు. సంతకం పెట్టడం వచ్చిన మనిషే. కొట్టు ఆయనకు, కాలవ గట్టు చేను మాకు. టీవీ ఆయన వాటాలోకి వెళ్ళింది. దాన్ని గుంటూరు తీసుకుపోతున్నప్పుడు ఆటోలో కదలకుండా దేంతో చుట్టారో తెలుసా? అదే దుప్పటితో. అత్తగారు ఆర్నెల్లు అక్కడ, ఆర్నెల్లు ఇక్కడ ఉన్నారు. పోయేదాకా ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంట్లో అవతలి కొడుకు పేరెత్తకుండా బతికారు. నేను ఎన్నోసార్లు అడిగాను, "ఎందుకు విడిపోయామత్తయ్యా?" అని. "నీ నోటికి" అనేవారు. నా నోట్లోంచి వచ్చిన ఏ మాటకి? అది చెప్పేవారు కాదు.

నాకు అనుమానం లేకపోలేదు. కానీ అనుమానం వేరు, రుజువు వేరు. ఆ రుజువు కొన్నేళ్ళ తర్వాత ఒక పెళ్ళిలో, బూరెల బంతిలో దొరికింది. అప్పటికి మళ్ళీ మాటలు కలిశాయి. శుభకార్యాల్లో కలుస్తాం, ఎడముఖం పెడముఖంగా ఉంటే చుట్టాలు నవ్వుతారు కదా. బావగారు కథ మొదలుపెట్టారు. గోతాలు పరిచారు, ఊరు కూర్చుంది. ఊరికే రంగు వెయ్యడానికి ఇలా అన్నారు.

"ముందు ఉత్త చేతులే చూపించాడండీ, కాయలేరుతూ, నూనె కారుతూ. ఎవరి చేతులో అనుకున్నాం. తర్వాత మెల్లగా పైకి మొహం చూపించాడు. చూద్దును కదా, మా మరదలు!"

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. కళ్లంలో ముందు తీసింది మొహం. చేతులు తీసింది అంతా అయిపోయాక. ఆ సంగతి నేను ఎవరికైనా చెప్పినా అదే వరసలో చెప్పేదాన్ని, కూలివాళ్ళు చెప్పినా అదే వరసలో చెప్తారు. చేతులు ముందూ, మొహం వెనకా వచ్చింది ఒక్క చోటే. టీవీలో. అంటే ఆయన చూశారు. శుక్రవారం కాదు, శుక్రవారం రొయ్యలున్నాయి. షట్టరు దించుకున్న గురువారానికి ముందు రోజు, కొట్టుకు ఎదురుగా ఉన్న ఆ టీ హోటల్లో చూశారు.

"ఏం మాట్లాడాను బావగారూ?" అని అడిగాను, బంతిలోనే, అందరి ముందూ.

"అంతా గుర్తుంటుందా అమ్మా, ఎప్పటి మాట!" అని నవ్వేశారు.

"చేతులు గుర్తున్నాయిగా, మాటలు గుర్తులేవా?"

"ఇదిగో, ఆవిడకి పెరుగు వెయ్యండి" అన్నారు వడ్డించేవాళ్ళతో.

మా ఆయనతో అంటే, "పోనీలే. చూడని దాని కోసం ఇన్నేళ్ళు పోట్లాటా?" అంటాడు. చూడలేదు కాబట్టే పోట్లాట. ఫోనులో ఆయనకు బుధవారమని చెప్పారా, శుక్రవారమని చెప్పి టీవీ వాళ్ళే ముందుకు జరిపారా అన్నది నేను అడగడం మానేశాను. అది అడిగితే ఆయన ఒకటి చెప్తారు, నేను నమ్మను, అక్కడితో అయిపోతుంది. దుప్పటి ఎందుకు కప్పించారని కూడా అడగను. దానికి ఆయన దగ్గర ఏడు తరాల లెక్క సిద్ధంగా ఉంది.

నాకు కావాల్సింది అది కాదు. నేను ఒకే ఊపిరిలో రెండు ముక్కలు అన్నాను. టీవీ వాళ్ళ చేతిలో కత్తెర ఉంటుంది. వెనక సగం కత్తిరించి ముందు సగమే వేసి ఉంటే, ఆయన సొంత మరదలు తనను దొంగని చేసిందని ఊరి మధ్య హోటల్లో విన్నారు. అప్పుడు ఆయన కోపానికి అర్థముంది. కానీ ఇంటికొచ్చి "రెండో సగం ఏదమ్మా" అని ఒక్క మాట అడగలేదు. అప్పటికే ఆ రెండో సగం ఆయనకు నేను మజ్జిగ దగ్గర చెప్పి ఉన్నాను. ఆయన నన్ను నమ్మలేదు, హోటలువాడి టీవీని నమ్మారు. అలా కాకుండా రెండు ముక్కలూ వేసి ఉంటే, నేను ఆయన పక్షాన మాట్లాడటం ఆయన చెవులారా విన్నారు. విని కూడా ఇల్లు చీల్చారు. అది ఇంకో రకం మనిషి చేసే పని. ఇన్నేళ్ళూ నేను ఈ ఇద్దరు మనుషుల్లో ఎవరి పక్కన కూర్చుని బూరెలు తింటున్నానో నాకు తెలియాలి.

మొన్న శ్రావణంలో మళ్ళీ పెళ్ళి, మళ్ళీ అదే కథ. ఆయనకు ఇప్పుడు చెవులు మందగించాయి, కథ మాత్రం చక్కగా చెప్తున్నారు. ఈసారి కథలో వసారాకు ఆనుకుని పందిరి కూడా వేశారు. చెవుల మాట ఎలా ఉన్నా కళ్ళద్దాలు పెట్టుకుని అక్షరం వదలకుండా చదువుతారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బావగారూ, చేతులు చూపించారు, తర్వాత నా మొహం చూపించారు, నేను "మా ఇంటి కొట్లోనే" అన్నాను. ఆ తర్వాత టీవీలో నా నోరు ఇంకా కదిలిందా, లేక అక్కడే ఆపేసి ఎద్దులూ వరికంకులూ వేసేశారా?